ఆ మోత ఒంటరితనానిది కాదు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ అందింది. వయసులో చాలా చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. అయోవా రాష్ట్రంలో మన మాడ్రిడ్ ఊరి గుడి బయట చెప్పులు వెతుక్కునే సీను బాగుంది. ఇక మిగతా సంగతి.

తొమ్మిదో పేజీలో మీ వాడు, అదే నీ కథానాయకుడు, అక్టోబరు రాత్రి డిమోయిన్ నుంచి ఉత్తరంగా కారులో పోతూ ఒక పల్లె దగ్గర ఆగుతాడు. చీకట్లో ఎడతెగని మోత వినిపిస్తుంది. "ఒంటరితనం హోరెత్తుతోంది" అని రాశావు. ఆ మోత మొక్కజొన్న ఆరబెట్టే ఫ్యాన్లది తమ్ముడూ! కోసిన గింజలో తేమ చాలాసార్లు 20 శాతం పైనే ఉంటుంది, నిలవ చెయ్యాలంటే 15 దగ్గరికి దించాలి, అందుకని కోతల కాలమంతా ప్రొపేన్ గ్యాసు మండుతూనే ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. తడి గింజ తీసుకెళ్తే ఎలివేటర్ దగ్గర, అంటే ధాన్యం కొని నిలవచేసే గిడ్డంగి దగ్గర, ధర కోసేస్తారు, ఇంట్లో ఆరబెడితే గ్యాసు బిల్లు మీద పడుతుంది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నిద్ర మధ్యలో లేచి, టార్చి పట్టుకుని గింజలు నిలవచేసే బిన్ను దగ్గరికి వెళ్ళి, గుప్పెడు గింజలు చేతిలో వేసుకుని చూసుకుని ఉంటారు. మీ వాడు మాత్రం ఒక నిట్టూర్పు విడిచి కారెక్కాడు.

"ఇక్కడ మొక్కజొన్న తప్ప చూడ్డానికి ఏముంది" అని రెండో పేజీలోనే అన్నావు. ఐదేళ్ళుగా డిమోయిన్ పక్కనే వాకీలో ఉంటున్నవాడివి, ఆ మాట ఎలా రాయగలిగావు? ఆ నేల అసలు అలా ఉండేది కాదు. రాష్ట్రంలో మూడొంతులకు పైగా మనిషెత్తు గడ్డి ఉండేది, ఇప్పుడు అందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. డిమోయిన్‌కి ఉత్తరాన ఉన్నదంతా హిమనదాలు చదును చేసి వదిలేసిన నేల, నీళ్ళు నిలిచిపోయే బురద. రైతులు మూడు నాలుగు అడుగుల లోతున మట్టి గొట్టాలు పాతి ఆ నీళ్ళని బయటికి పంపారు, ఇప్పుడు అదే పని చిల్లుల ప్లాస్టిక్ పైపులు చేస్తున్నాయి. పొలంలో వేసిన ఎరువులోని నైట్రేటు ఆ గొట్టాల్లోంచే కాలవల్లోకి, కాలవల్లోంచి రకూన్ నదిలోకి, అక్కణ్ణుంచి డిమోయిన్ నీళ్ళ ప్లాంటుకి వస్తుంది. 2015లో ఆ నీళ్ళ సంస్థ ఎగువనున్న మూడు కౌంటీల డ్రైనేజీ జిల్లాల మీద, అంటే పొలాల నీళ్ళు బయటికి పంపే స్థానిక సంస్థల మీద, కేసు వేసింది, 2017లో కోర్టు కొట్టేసింది. 2025 జూన్‌లో మీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో లాన్లకి నీళ్ళు పెట్టొద్దన్నారే, అది ఈ నైట్రేటు వల్లే. నీ కథలో ఆ అమ్మాయి పంపు తిప్పి పాలపొడి కలుపుతుంది. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు పెట్టిందే చంటిపిల్లల కోసం! నీ కథలోని తల్లికీ, ఎగువన పొలంలో ఉన్న ఆ ముసలాయనకీ మధ్య ఇంత పెద్ద సంబంధం నేల కిందే ఉంది. నువ్వు వాళ్ళిద్దరినీ కలపడానికి క్రిస్మస్ కుకీలు వాడుకున్నావు.

నాది ఒకటే పట్టుదల, ఎన్నేళ్ళయినా మారలేదు. ఒక ఊరి మీద కథ రాసేవాడికి ఆ ఊళ్ళో నీళ్ళు ఎటు పోతాయో, డబ్బు ఎటు పోతుందో తెలిసి ఉండాలి. తెలిసిందంతా రాయమని కాదు. తెలియకపోతే మాత్రం పాత్రలు చెయ్యని పనులు చేస్తాయి, అనని మాటలు అంటాయి. మీ ముసలాయన "భూమి ఉన్న ఆసామి, ఆయనకేం లోటు" అన్నావు. అసలు ఆ భూమి ఎవరిది? అయోవాలో సాగుభూమిలో మూడింట రెండు వంతులు 65 ఏళ్ళు దాటినవాళ్ళ పేరు మీదే ఉంది. ఎకరం సగటున 11 వేల డాలర్ల పైన పలుకుతోంది. సగానికి పైగా కౌలు సాగే. కొడుకు సేద్యంలోకి రావాలనుకున్నా కొనలేడు. పండిన మొక్కజొన్నలో సగం పైన ఇథనాల్ ప్లాంట్లకే పోతుంది, అంటే మీ వాడు కారులో పోయిస్తున్న పెట్రోల్లో కూడా ఆ పొలం ఉంది. ఇక పందులు. 32 లక్షల మంది మనుషులున్న రాష్ట్రంలో రెండు కోట్ల 30 లక్షల దాకా పందులున్నాయి. 2,400 పట్టే పొడుగాటి షెడ్లు రోడ్డు పక్కన కనబడతాయి చూడు, చాలావాటిలో షెడ్డూ, దాని అప్పూ రైతువి, పందులు మాత్రం కంపెనీవి. మన దగ్గర బ్రాయిలర్ ఫారాల ఒప్పందం ఎలా ఉంటుందో అలాగే. ఆ పందులని కోసే పనిలో మెక్సికో, గ్వాటెమాలా, బర్మా వాళ్ళుంటారు. నీకు దగ్గర్లోనే పెర్రీలో పంది మాంసం ప్లాంటు 2024 జూన్‌లో మూతపడి 1,300 మంది దాకా రోడ్డున పడ్డారు, ఎనిమిది వేల జనాభా ఉన్న ఊళ్ళో! నువ్వు రాసిన సంవత్సరమూ అదే, ఆ రోడ్డూ అదే. కథలో ఆ ఊరు పేరైనా లేదు.

కొత్తల్లో మేం ఏమ్స్‌లో ఉండేవాళ్ళం, మా ఆయనది నేలల మీద పరిశోధన. ఎదురింటి అమ్మాయి హైస్కూల్ పిల్ల, జూలైలో విత్తన మొక్కజొన్న పొలాల్లో జల్లు, అంటే మొక్క కొసన వచ్చే మగ పూగుత్తి, తీసే పనికి వెళ్ళేది. వాళ్ళమ్మకి నైట్ షిఫ్టున్న రోజుల్లో తెల్లారకుండానే నేను తీసుకెళ్ళి బస్సు దగ్గర దింపేదాన్ని. ఆకుల మీద మంచు నీళ్ళకి తడిసిపోకుండా చెత్త సంచికి తలా చేతులూ పట్టే కంతలు చేసి తొడుక్కునేవాళ్ళు ఆ పిల్లలు. నాలుగు ఆడ వరసలకి ఒక మగ వరస, ఆడ వరసల్లో ఒక్క జల్లు కూడా మిగలకూడదు. మధ్యాహ్నానికి మెడ మీదా ముంజేతుల మీదా ఆకు కోసిన సన్నటి ఎర్ర గీతలు. మా ఖమ్మం వైపు విత్తన మొక్కజొన్నలో సరిగ్గా ఇదే పని కూలికి చేసే ఆడవాళ్ళ చేతులు నాకు తెలుసు. హెన్రీ వాలెస్ 1926లో డిమోయిన్‌లో మొదలుపెట్టిన హైబ్రిడ్ విత్తనాల కంపెనీయే తర్వాత పయొనీర్ అయింది, ఆ సంచులు ఇవాళ మన ఊళ్ళ కొట్లలో ఉంటాయి. ఆ అమ్మాయినీ మా ఊరి కూలీ మనిషినీ పెట్టి ఒక కథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ గారు "అమెరికా కథలో ఈ మట్టి గొడవెందుకమ్మా, మంచు మీద ఏదైనా పంపు" అని తిప్పి పంపారు. ఇంకొకాయన వేశాడు, వేసి, ఆకు కోసిన గీతల పేరా తీసేశాడు. అడిగితే కథకి అది అవసరం లేదన్నాడు! ఆ పేరా కోసమే కథ రాశాను నేను. ఇప్పటికీ డయాస్పోరా కథల పోటీలకి వచ్చేవన్నీ ఎయిర్‌పోర్టు, మంచు, అమ్మ ఫోను, అపరాధ భావం. ఏ రాష్ట్రమైనా ఒకటే, ఊరు పేరు మార్చి అచ్చేసుకోవచ్చు. జడ్జీలు వాటికే ప్రైజులిస్తున్నారు, మీ తరం వాటినే చూసి నేర్చుకుంటోంది, నా కోపం అందుకు.

రోడ్లు తిన్నగా ఉండటం అమెరికన్ల క్రమశిక్షణ అన్నావు. మైలుకి మైలు, 640 ఎకరాల గడులుగా కొలిచి అమ్ముకున్న నేల అది. అమ్మకముందు అక్కడున్నవాళ్ళని వెళ్ళగొట్టారు. వాళ్ళలో మెస్క్వాకీ తెగవాళ్ళు 1857లో టామా దగ్గర తమ డబ్బు పెట్టి 80 ఎకరాలు కొనుక్కుని వెనక్కి వచ్చారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ముసలాయన మాట్లాడకపోవడం గురించి కూడా చెప్పాలి. దాన్ని "తెల్లవాళ్ళ ముభావం" అనేశావు. నీ లెక్క ప్రకారం ఆయనకి 78. అంటే 1985లో నలభై నిండని మనిషి. 1970లలో బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, తర్వాత వడ్డీలు ఆకాశాన్నంటాయి, 1980లో సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకాలు ఆపేశారు, 1986కల్లా అయోవా భూమి ధర దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. 1985 డిసెంబరులో హిల్స్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల అప్పుల్లో మునిగిన ఒక రైతు భార్యనీ, బ్యాంకు అధ్యక్షుణ్ణీ, ఒక పొరుగు రైతునీ కాల్చి చంపి తనూ కాల్చుకున్నాడు. మీ ముసలాయన అవన్నీ దాటి భూమి నిలబెట్టుకున్న మనిషి. వేలానికి వచ్చిన పక్క పొలాన్ని ఆయనే కొని ఉండొచ్చు కూడా. పత్తి రైతుల చావుల వార్తలు చదువుతూ పెరిగినవాడివి, ఈ మౌనం నీకంటే బాగా ఎవరు రాయగలరు చెప్పు?

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఆ సంగతి ఇప్పుడొద్దు. కోతలయ్యాక భూముల వేలాలు జరుగుతాయి, కమ్యూనిటీ హాల్లో వెనక కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, వెళ్ళు. ఎవరు పాడుతున్నారో కంటే ఎవరు పాడకుండా కూర్చున్నారో చూడు. ఆ తర్వాత మీ ముసలాయనకి ఎన్ని ఎకరాలు, అందులో సొంతం ఎంత, కౌలు ఎంత, ఆ కౌలు ఎవరికి కడతాడు, కొడుకు ఏ ఊళ్ళో ఏం చేస్తున్నాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. కథ ఇప్పుడే పంపకు, ముందు ఆ కాగితం పంపు.

ఇట్లు,
అక్క