కంప్యూటర్‌లోని పెళ్లి వీడియో హాల్లో టీవీకి ఎలా చేరుతుంది?

"అన్నా, వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. లాప్‌టాప్‌లో ఉన్న అక్క పెళ్లి వీడియో టీవీలో పెడితే ఆగి ఆగి వస్తోంది. ఇంటర్నెట్ ప్లాన్ పెంచమంటారా?"

వద్దు తమ్ముడూ, ఒక్క డాలర్ కూడా పెంచొద్దు. అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఇదే అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ వీడియో మీ ఇంటి గడప దాటదు. లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి టీవీకి, అంతే దాని ప్రయాణం. బయటి నుంచి వచ్చే లైన్ వేగం 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అయినా 1000 అయినా దానికి ఒకటే. ఈ సంగతి తెలియక నేను నష్టపోయాను. డాలస్‌లో మేము అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు మా అమ్మానాన్న మొదటిసారి వచ్చారు. మా పెళ్లి వీడియో పెడితే తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగిపోయి, తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమన్నారు, పెంచాను. మర్నాడు కూడా తలంబ్రాల దగ్గరే ఆగింది. నాన్న "పోనీలేరా, మాకు గుర్తుందిగా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమ్మానాన్న దిగిన రోజున అన్నిటికన్నా నమ్మకమైనది లాప్‌టాప్‌ను నేరుగా టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్. 15 అడుగులది కొంటే సోఫా పక్కన లాప్‌టాప్ పెట్టుకోవచ్చు. విండోస్ బటన్‌తో పాటు పీ నొక్కి డూప్లికేట్ ఎంచుకో, లాప్‌టాప్ తెర మీదిదే టీవీలోనూ కనిపిస్తుంది. బొమ్మ వచ్చి మాట రాకపోతే కంగారు పడకు, సౌండ్ సెట్టింగ్‌లో స్పీకర్ బదులు టీవీ పేరు ఎంచుకోవాలి.

ఆరు నెలలు ఉంటారు కాబట్టి రోజూ వైరు లాగడం కుదరదంటే జెల్లీఫిన్ పెట్టుకో, కంప్యూటర్‌లోని వీడియోలను ఇంటి వైఫై మీద టీవీకి పంపే ప్రోగ్రాం అది. ఉచితం. కంప్యూటర్‌లో దాని సర్వర్ (వీడియోలు పంపే భాగం), టీవీ వెనక గుచ్చే టీవీ స్టిక్‌లో దాని యాప్ పెట్టాలి. ఫొటోలు, పెళ్లిళ్లు, పిల్లల వీడియోలు విడివిడి ఫోల్డర్లుగా పెడితే అమ్మ రిమోట్‌తో తనే వెతుక్కుంటుంది. టీవీకి కంప్యూటర్ కనబడకపోతే రెండు చోట్ల చూడు. విండోస్‌లో మీ వైఫై పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చు. అపార్ట్‌మెంట్ వాళ్లే ఇచ్చే ఉమ్మడి వైఫై అయితే, చాలాచోట్ల అందులో ఒక పరికరం ఇంకోదాన్ని చూడలేదు. అలాంటప్పుడు సొంత రౌటర్ తప్పదు. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా స్లీప్ ఆపేయడం కూడా మర్చిపోకు. మనం ఆఫీసులో ఉన్నప్పుడు వాళ్లకి టీవీ ఆగిపోతే సరిచేసేవాళ్లు ఉండరు.

ఇక ఆగి ఆగి రావడం. దానికి మామూలుగా రెండే కారణాలు. ఒకటి వైఫై. అపార్ట్‌మెంట్‌లో పక్కిళ్ల రౌటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీద ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. దానికి తోడు లాప్‌టాప్, టీవీ రెండూ వైఫై మీదే ఉంటే ఒకే వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. కంప్యూటర్‌ను రౌటర్ పక్కన పెట్టి ఈథర్‌నెట్ కేబుల్ గుచ్చితే సగం బాధ పోతుంది. టీవీని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చు. డీవీడీ వీడియోకి 10 ఎంబీపీఎస్ చాలు. ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములతో తీసిన 4కే వీడియో అయితే 50, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అడగొచ్చు.

రెండోది మన పెళ్లి వీడియోలకు ప్రత్యేకం. మన దగ్గర తీసిన పాత డీవీడీలు పాల్ అనే టీవీ పద్ధతివి, బొమ్మకు 576 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, 480 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. అందుకే ఊరి నుంచి తెచ్చిన డిస్కును ఇక్కడి డీవీడీ ప్లేయర్లు చాలావరకు ఆడించవు. కంప్యూటర్‌కు ఆ పట్టింపు లేదు. కానీ డీవీడీలో వీడియో ఉండే ఎంపెగ్-2 అనే పాత రకం ఫైళ్లు చాలా టీవీ స్టిక్‌లకు అర్థం కావు, దాంతో మనం చూస్తుండగానే కంప్యూటర్ వాటిని మార్చి పంపాలి. పాత లాప్‌టాప్ ఆ పని తట్టుకోలేక వేడెక్కి ఆగిపోతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్కసారి టీవీ స్టిక్‌లకు అర్థమయ్యే ఎంపీ4గా మార్చి పెట్టుకుంటే సరిపోతుంది. అందులో డీఇంటర్‌లేస్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యి, లేకపోతే చేతులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి. ఫ్రేములు 25 అలాగే ఉంచు.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ సినిమాలు దొంగతనంగా దించుకునే టొరెంట్ల జోలికి వెళ్లకు. సినిమా హక్కులున్నవాళ్ల నోటీసు ఇంటర్నెట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి వస్తుంది, అది నీ రూమ్మేట్ కావచ్చు.

అమ్మానాన్న బయలుదేరే ముందే ఫోన్ చేసి పెళ్లి డిస్కులన్నీ చేతి సంచిలో పెట్టుకోమని చెప్పు. వాళ్లు రాగానే కాపీ చెయ్యి, వాళ్లు వెళ్లేటప్పుడు ఒక హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ ఇచ్చి పంపు. స్టూడియోలో రాసిచ్చిన డిస్కుల లోపలి రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ చెడిపోతుంది. మా మూడు డిస్కుల్లో రెండు పూర్తిగా వచ్చాయి. అప్పగింతలున్న మూడోది సగం దాకానే వచ్చింది.