గోడకు వేసే టైల్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: ఖమ్మంలో సొంతిల్లు కట్టుకుంటున్నాం. పని ఫ్లోరింగ్ దాకా వచ్చింది. టైల్స్ కోసం రూ.75 వేలు పక్కన పెట్టుకున్నాం. నేలకు 1,100 చదరపు అడుగులు, వంటగది, రెండు బాత్‌రూముల గోడలకు 500 అడుగులు కావాలి. సెరామిక్ మన్నదని, అంతటా పోర్సలీన్ వేయించుకోమని షాపతను అడుగు రూ.70 చొప్పున రూ.1.12 లక్షలకు కొటేషన్ ఇచ్చాడు. తక్కువ పడ్డ డబ్బుకు 14 శాతం వడ్డీతో మూడేళ్లకు రూ.50 వేల పర్సనల్ లోన్ తీసుకోవాలా? పాప కాలేజీ ఫీజు కోసం దాచిన ఎఫ్‌డీ తీసేయాలా? ఫీజు జూన్‌లో కట్టాలి. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కొటేషన్‌ను తగ్గించాలి.

ఈసారి షాపుకెళ్లినప్పుడు రెండు రకాల టైల్స్‌నూ తిరగేసి, వెనకవైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. సెరామిక్ కాసేపట్లోనే పీల్చేసుకుంటుంది. పోర్సలీన్ మీద చుక్క అలాగే నిలబడుతుంది. ఎక్కువ వేడిలో కాల్చడం వల్ల దాని మట్టి గట్టిపడి, బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చదు. గోడలకు వేసే సెరామిక్ 10 శాతం పైనే పీలుస్తుంది. మన షాపుల్లో విట్రిఫైడ్ అంటూ అమ్మేది కూడా ఈ 0.5 శాతం కోవలోదే. కాబట్టి ‘పోర్సలీన్’ అన్న పేరు చూసి అదనంగా ఇవ్వాల్సిన పని లేదు.

నేల మీద ఈ గట్టిదనానికి విలువ ఉంది. బీరువా జరుపుతారు, కుక్కర్ చేజారుతుంది, చెప్పులతో వచ్చిన ఇసుక రోజూ గీకుతుంది. గోడ మీద ఎవరూ నడవరు. నీళ్లను పైనున్న గ్లేజు, అంటే గాజులాంటి పూత ఆపుతుంది. పైగా నీరు పీల్చే గుణం వల్లే సెరామిక్ సిమెంటును బాగా పట్టుకుంటుంది. పోర్సలీన్‌కు ఆ పట్టు రాదు కాబట్టి టైల్ అడెసివ్ వాడాలి. మీ కొటేషన్‌లో అడెసివ్ ఊసే లేదు! మేస్త్రీ ఇసుక, సిమెంటుతోనే కానిచ్చేస్తే కొన్నాళ్లకు టైల్ మీద నాణెంతో కొట్టినప్పుడు గుల్లగా మోగుతుంది, ఆ తర్వాత ఊడుతుంది.

గోడల 500 అడుగులకు రూ.35 సెరామిక్ తీసుకోండి, రూ.17,500 అవుతుంది. నేలకు 2×4 అడుగుల టైల్ బదులు 2×2 విట్రిఫైడ్ అడగండి. సాదా డిజైన్ రూ.55లో దొరికితే రూ.60,500. మొత్తం రూ.78 వేలు. చిన్న గదుల్లో పెద్ద టైల్ కోతలకు ఎక్కువ వృథా అవుతుంది, మేస్త్రీ కూలీ కూడా ఎక్కువ అడుగుతాడు. బాత్‌రూము నేలకు మాత్రం మెరిసేవి వద్దు, గరుకుగా ఉండే మ్యాట్ టైల్సే వేయించండి. ఇంట్లో అత్తగారో, మామగారో ఉంటే దీనిపై బేరమే లేదు.

ఇక డబ్బు. మీరు రాసిన లోన్‌కు నెలకు సుమారు రూ.1,709 కట్టాలి, మూడేళ్లలో వడ్డీయే రూ.11,500 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. అడెసివ్, టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ కలుపుకున్నా ఇప్పుడు మీకు తక్కువయ్యేది రూ.15 వేల చిల్లర. దానికి మూడేళ్ల అప్పేమిటి? హోం లోన్ చివరి విడత రావాల్సి ఉంటే అందులోంచి సర్దుకోండి. లేకపోతే ఎఫ్‌డీని రద్దు చేయకుండా, దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్, అంటే అవసరమైనంత వాడుకునే అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ వడ్డీ పడుతుంది, అదీ వాడుకున్న మొత్తానికే. జూన్‌లోపు తీర్చేయగలరా అన్నది మాత్రం ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. తీర్చలేమనిపిస్తే రెండో బాత్‌రూము గోడలు ఆపండి, ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి.

బిల్లు వద్దంటే జీఎస్టీ 18 శాతం మిగులుతుందని షాపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. వంకర టైల్స్ వస్తే బిల్లు లేకుండా ఏ ముఖంతో వెనక్కిస్తారు?

పెట్టెలు దింపేటప్పుడు అన్నింటి మీదా షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని చూసుకోండి. లెక్క కంటే ఒక పెట్టె ఎక్కువే కొని అటక మీద పెట్టండి. నేను ఆ పెట్టె దగ్గర పొదుపు చేశాను. తర్వాత పైపు లీకై వంటగదిలో మూడు టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది, ఆ షేడ్ మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ స్టౌ కింద మూడు టైల్స్ వేరే రంగులోనే ఉన్నాయి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ముందు వాటి గురించే అడుగుతారు.