టీ తాగి వచ్చేలోగా

నెల్లూరు, మూలపేట

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి మాట చూసి ఇది వేరెవరికో రావలసిన ఉత్తరమనుకుని పక్కన పెట్టకు. చిన్నవాళ్లకు మా ఇంట్లో ఉత్తరాలు ఇలాగే మొదలవుతాయి. ఆ పేరుగల నటుడు పుట్టకముందు నుంచీ మొదలవుతున్నాయి. పైగా నువ్వుండేది ఒంగోలు. ఆయన ఇంటర్మీడియట్ చదివింది మీ ఊరి సి.ఎస్.ఆర్. శర్మ కళాశాలలోనే. ఆ రోజుల్లో అక్కడ చదివామని చెప్పేవాళ్లు నాకు పాతికమంది తెలుసు. పాతికమందీ ఆయన పక్కనే, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ బెంచీ పొడవు ఎవరూ కొలిచినట్టు లేదు గానీ, నా లెక్కన రెండో కొస చీమకుర్తిలో తేలి ఉండాలి.

ఈ నవ్వు ఆయనకు తగలదు, గమనించావా? ఆయన పక్కన కాస్త చోటు దొరికితే బాగుండునన్న మన ఆశకు తగులుతుంది. అందుకే ఆయన అభిమాని ముందు కూడా ధైర్యంగా చెప్పగలను. నువ్వు పంపిన రెండు వ్యాసాల్లో ఇలాంటి చోటు కోసం వెతికాను. దొరకలేదు.

మొదటిది ఒక కథానాయకుడి మీద. అందులో ‘అరుదైన’ ఆరుసార్లు, ‘నిలువెత్తు’ నాలుగుసార్లు వచ్చాయి. నిలువెత్తు నిదర్శనం సరే, ‘వెండితెర మీద నిలువెత్తు సంతకం’ అన్నావు. సంతకం నిలువెత్తు ఉంటే బ్యాంకువాళ్లు ఒప్పుకుంటారా నాయనా? రెండోది ఒక నాయకుడి మీద. తొమ్మిది చమత్కారాలు లెక్క తేలాయి. ఐదు పొట్ట మీద, రెండు బట్టతల మీద, ఒకటి ఆయన ఇంగ్లీషు మీద. తొమ్మిదోది నాకు అర్థం కాలేదు.

ఒక పని చేశాను. మొదటి వ్యాసంలో పేరు కొట్టేసి ఇంకో కథానాయకుడి పేరు రాశాను. ఒక్క వాక్యం కూడా నొచ్చుకోలేదు. రెండోదానిలో నాయకుడి పేరు తీసి మా వీధి చివర బియ్యం కొట్టు యజమాని పేరు పెట్టాను. అదీ సరిపోయింది. ఆయనకు ఇంగ్లీషు బొత్తిగా రాదు కనుక ఇంకా బాగా సరిపోయింది. ఒకరిని ఆకాశానికెత్తావు, ఒకరిని నేలకేసి కొట్టావు, ఇద్దరినీ చూడకుండానే.

కోప్పడుతున్నాననుకోకు. నా మొదటి వెటకారం ఇంతకంటే అధ్వాన్నం. అప్పట్లో ఒక చిన్న వారపత్రికకు ఊరి కబుర్లు రాసేవాడిని. ఒక రాత్రి పురమందిరంలో పద్యనాటకం. మీ జిల్లా వైపు నుంచి వచ్చిన పెద్ద నటుడు కృష్ణుడి వేషం కట్టారు. రాయబారం ఘట్టం. రాగం ఎత్తుకున్నారు, హార్మోనియం వెనకాల పరుగు పెడుతోంది. నాకు ఇరవై రెండేళ్లు, పైగా ఆకలి. లేచి ట్రంకు రోడ్డు మీదికి వెళ్లి, రెండు మిరపకాయ బజ్జీలు తిని, టీ తాగి, తెలిసినవాడు కనబడితే వాడి చెల్లెలి పెళ్లి సంగతులన్నీ విని, తిరిగి వచ్చి కూర్చున్నాను. ఆయన ఇంకా రాగంలోనే ఉన్నారు. అదే రాశాను. ‘కృష్ణుడు రాగం ఎత్తుకోగానే టీకి వెళ్లాను, తిరిగి వచ్చేసరికి బజ్జీలు అరిగాయి గానీ రాగం తరగలేదు’ అని. ఊరంతా నవ్వింది. వారం రోజులు నా కాలు నేల మీద నిలవలేదు.

కొన్నాళ్లకు ఆయన మళ్లీ నాటకానికి వచ్చి నన్ను తెర వెనక్కి పిలిపించారు. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లాను. ముఖానికి నీలం రంగు పూసుకుంటున్నారు. నా వైపు తిరగలేదు, అద్దంలోనే చూస్తూ అన్నారు: “అబ్బాయీ, నువ్వు టీకి లేచినప్పుడు నేను మోహనలో ఉన్నాను. అది మొదటి పద్యం. రెండో పద్యానికి జనం వన్స్ మోర్ కొట్టారు. నువ్వు తిరిగివచ్చి మూడో వరుసలో కూర్చునేటప్పటికి కల్యాణి. అది మూడో పద్యం. నీ రాతలో మూడూ ఒకటే రాగం అయిపోయాయే!”

అన్ని దీపాల వెలుగు కళ్లలో పడుతుండగా, అంత జనంలో, నేను లేచిందీ కూర్చున్నదీ కూడా చూశారు. నేనేమో డబ్బిచ్చి టిక్కెట్టు కొని కూడా ఆయనను వినలేదు. ఆ కథ ఇంకొంచెం ఉంది, తరువాత చెబుతాను.

హాస్యం ఒక డబ్బాలో, మెచ్చుకోలు మరో డబ్బాలో పెట్టి, కావలసినప్పుడు చెంచాతో తీయాలని నీకెవరో చెప్పినట్టున్నారు. ఆత్రేయ గురించి సినిమావాళ్లు అనుకునే మాట వినే ఉంటావు. ఆయన పుట్టింది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు, అప్పటికి మా జిల్లాయే. ‘రాసి ప్రేక్షకుల్ని, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తాడు’ అనేవారు. ఇందులో క్రియ ఒక్కటే, ఏడిపించడం. హాల్లో కొంగుతో కళ్లు తుడుచుకునే ఆవిడ దగ్గర అది కవిత్వం. సెట్టు వేయించి, నటీనటుల తేదీలు తీసుకుని, పాట ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూసే నిర్మాత దగ్గర అది వడ్డీ. సరైన మాట దొరికేదాకా కలం కదలదు. అందుకే ఆలస్యం, అందుకే కన్నీళ్లు. నువ్వయితే మొదటి పేరాలో ఆలస్యాన్ని వెక్కిరించి, రెండో పేరాలో ‘అయినప్పటికీ ఆయన గొప్ప కవి’ అని రాసేవాడివి. ఆ ‘అయినప్పటికీ’ని ఒక ఏడాదిపాటు పెట్టెలో పెట్టి తాళం వేయి.

మీ ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారి పొగరు మీద ఎన్ని కథలున్నాయో లెక్కలేదు. ‘మిస్సమ్మ’కు మొదట ఆమెతోనే కొంత చిత్రీకరణ జరిగి, నిర్మాతలతో పొసగక, ఆ వేషం సావిత్రికి వెళ్లిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆమె నటించారు, పాడారు, దర్శకత్వం వహించారు, స్టూడియో నడిపారు. తల వంచడం రాదని నవ్వేవాళ్లు ఆ తల ఎన్ని పనులు మోసిందో కూడా చూడాలి. వంచితే ఏదో ఒకటి జారిపడేది. ఇక ఆమె రాసిన అత్తగారి కథలు చదవకుండా నువ్వు ఈ రకం వ్యాసాల జోలికి రాకు. అత్తగారి చాదస్తాన్ని ఇసుమంత కూడా దాచలేదు. అయినా పుస్తకం మూసేసరికి ఆ అత్తగారు మన ఇంట్లో ఉంటే బాగుండుననిపిస్తుంది. (మా ఆవిడ ఈ మాటతో ఏకీభవించదు.)

పొట్ట సంగతికి వస్తాను. రమణారెడ్డి గారిని పాత సినిమాల్లో చూసే ఉంటావు. మా జిల్లా మనిషి, సినిమాలకు ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. చీపురుపుల్లలా ఉండేవారు. పక్కన గుండ్రంగా రేలంగి గారు నిలబడితే ఇంకా నోరు తెరవకుండానే జనం నవ్వేవారు. మరి శరీరం మీద నవ్వు తప్పయితే ఇదంతా తప్పేనా అని అడుగుతావు. సన్నంగా పుట్టినవాళ్లు నెల్లూరులో వేలమంది ఉన్నారు, వాళ్లనెవరూ టిక్కెట్టు కొని చూడలేదు. ఆయన ఆ సన్నటి చేతుల్ని తాళ్లలా మెలితిప్పి, మెడను ముందుకు సాచి, మాటను ముక్కు దగ్గర ఒక క్షణం ఆపి వదిలేవారు. ఇంద్రజాలం కూడా నేర్చిన వేళ్లు అవి. సన్నంగా ఉన్నారని రాస్తే ఏమీ రాయనట్టే. ఆ చెయ్యి ఎలా తిరిగిందో రాస్తే రమణారెడ్డి గారు లేచి వస్తారు.

మరి నీ నాయకుడు తన పొట్టతో ఏమి చేశాడు? మోశాడు, అంతే. వదిలేయి పాపం. అతను మూడు పార్టీలు మారాడని ఏడో పేరాలో ఒక మూల నువ్వే రాసి, పట్టించుకోకుండా ముందుకు వెళ్లిపోయావు. అది అతను పనిగట్టుకుని చేసినది. మూడు రంగుల కండువాలు ఇంట్లో ఉన్న మనిషి పొద్దున్నే చీకట్లో బీరువాలో చెయ్యి పెట్టి ఒకటి లాగేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించు.

పొగడ్త ఇంతకంటే కష్టం. బాలు గారి మీద ‘గానగంధర్వుడు’ అన్న మాట వాడకుండా ఒక పేజీ రాసి పంపు. వస్తువు కావాలంటే ఇస్తాను. ‘పాడుతా తీయగా’లో ‘ళ’ను ‘ల’ చేసిన పిల్లవాడిని ఆయన గద్దించేవారు కాదు. ముందు గొంతును మెచ్చుకునేవారు, వాడు ఆ సంతోషంలో ఉండగా మెల్లగా ఆ ‘ళ’ను చేతిలో పెట్టేవారు. 2020లో, తాను పోయిన ఏడాదే, మా తిప్పరాజువారి వీధిలోని ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆ వీధిలో నడిచి చూడు, విశేషణం అవసరం రాదు.

మా అలగానిపాడు కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. ఆస్తిపరుల ఇంట పుట్టిన మనిషి. ‘నిరాడంబరతకు నిలువెత్తు నిదర్శనం’ అని రాశావంటే ఆ సైకిల్ కంచుదై అక్కడే నిలిచిపోతుంది. కార్ల వరుస పక్కన దాన్ని స్టాండు వేసి నిలబెట్టి ఊరుకో. నవ్వు వస్తుంది, కార్లను చూసి.

వెంకయ్యనాయుడు గారి మీద రాయాలనుందన్నావు. రాయి. చవటపాలెం నుంచి ఉపరాష్ట్రపతి పదవి దాకా పంచెకట్టూ ప్రాసా ఆయన వెంటే నడిచాయి. అయితే వ్యాసమంతా ప్రాసలో రాసి అందరూ చేసే తప్పు చేయకు. ఒక్కటి చాలు, అదీ ఆయన ప్రాస కంటే కాస్త తక్కువ స్థాయిలో ఉండనీ. మర్యాద.

మా ఊరి పాపం కూడా ఒకటి చెప్పాలి. పొట్టి శ్రీరాములు గారు చివరి సంవత్సరాల్లో నెల్లూరు వీధుల్లో మండుటెండలో, కాళ్లకు చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా, హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని తిరిగేవారు. ఆయనకు పిచ్చి అనుకున్నవాళ్లు ఉన్నారు. అరుగుల మీద కూర్చుని నవ్వుకునే ఉంటారు, మా ఊరికి నవ్వు కరువు కాదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి పోయారు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. నవ్విన నాపచేనే పండుతుందని సామెత చెప్పుకునే జాతికి ఆ నాపచేను ఎదురుగా నడిచి వెళుతుంటే కనబడలేదు. ఆ మధ్యాహ్నం మీద ఇవాళ ఎవరైనా హాస్యం రాయవచ్చు, రాయాలి కూడా. విసనకర్రలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నవాళ్ల మీద రాయాలి. నువ్వు రాయడానికి కూర్చున్నప్పుడు ఒకసారి కింద తడిమి చూసుకో. అరుగు తగిలితే లేచి రా.

చిల్లర సంగతులు కొన్ని. పెద్దవాళ్ల మీద చెప్పుకునే ముచ్చట్లు ఊరూరికీ మనిషిని మార్చుకుంటాయి, ఒకే చమత్కారం మీ ఒంగోలులో ఒక ప్లీడరుది, మా దగ్గర ఒక కవిది. ఇద్దరిదీ కాకపోవచ్చు. బతికున్న మనిషి నోట్లో అతను అనని మాట పెట్టకు, ఎంత ముద్దొచ్చినా సరే. కథానాయకుడి వ్యాసం చింపేయి. దాని బదులు ఆ బెంచీ మీద నిజంగా కూర్చున్నవాడిని ఒక్కడిని పట్టుకుని, పెన్ను అప్పిచ్చాడా, తిరిగి తీసుకున్నాడా, అదైనా అడుగు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అందుకుంటారు. రచన రొట్టె పంచేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. కనబడితే రెండు తీసుకుని ఒకటి నీకు పంపుతాను.

ఆ నటుడి కథ మిగిలింది. అద్దంలోనే నాకు గడ్డిపెట్టిన రాత్రి నేను టీకి లేవలేదు. వేదిక పక్కన నేల మీద, హార్మోనియానికి జానెడు దూరంలో కూర్చున్నాను. మళ్లీ రాయబారమే, మళ్లీ అంతులేని రాగమే. అంత దగ్గర నుంచి చూస్తే పీతాంబరం మడత చాటున ఆయన ఎడమ చేతి చూపుడువేలు సన్నగా ఆడుతూ కనిపించింది. హార్మోనియం వాయించే ఆయన కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి. వేలు ఆడినంతసేపు రాగం సాగుతోంది. ఎందుకా అని అటూ ఇటూ చూశాను. సింహాసనం మీద దుర్యోధనుడి వేషంలో ఉన్న కుర్రవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తరువాతి పద్యం మరిచిపోయాడు. పెదవులు కదుపుతూ తడుముకుంటున్నాడు. కృష్ణుడు కల్యాణిని అలా పట్టుకునే నిలబడ్డారు. వాడికి మొదటి పాదం గుర్తొచ్చి కిరీటం ఊపిన మరుక్షణం వేలు ఆగింది, రాగం దిగింది, చప్పట్లు మోగాయి.

ఆ వారం అది రాశాను. వేలు, కిరీటం, అన్నీ. కుర్రవాడి పేరు మాత్రం రాయలేదు. పదిరోజులకు మీ జిల్లా ముద్రతో ఒక కార్డు వచ్చింది. సంబోధన లేదు, కుశలప్రశ్న లేదు.

“ఈసారి టీ ఎప్పుడు తాగావు?”

ఆశీస్సులతో.