హబ్‌లు మార్చబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్లో చెప్పిందంతా గుర్తుంది. ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకీ బలం) వేస్తే ఎడమ ముందు చక్రం దగ్గర కరకరమంటోందన్నావు. బురదలో వెనక చక్రాలే తిరుగుతున్నాయి, ముందువి కదలడం లేదన్నావు. ఆటోమేటిక్ లాకింగ్ హబ్ ఒకటి కొని ఆ ఎడమ చక్రానికి బిగించేస్తానన్నావు. కొనకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ఇది ఫోన్లో చెబితే తలకెక్కే విషయం కాదు.

ముందు హబ్ చేసే పని మనసులో పెట్టుకో. ఇంజను బలం, దాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బండి కింద పొడుగ్గా ఉండే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి, అక్కడి నుంచి రెండు పక్కలకీ పంచే గేర్లున్న డిఫరెన్షియల్‌కి, రెండు పక్కలా యాక్సిల్ షాఫ్ట్‌లకి వస్తుంది. షాఫ్ట్ చివర, చక్రం మధ్యలో కూర్చుని ఆ రెండింటినీ కలిపేదీ విడదీసేదీ హబ్. విడదీసి ఉంచితే మామూలు రోడ్డు మీద చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది. ముందు డిఫరెన్షియల్, షాఫ్ట్‌లు ఊరికే తిరిగి అరగవు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న జీపుల్లో ఈ సదుపాయం లేదు. వెనక చక్రాలకే బలం అందే టూవీల్‌లో నడిపినా ముందు సామానంతా తిరుగుతూనే ఉండేది. వాటి కోసమే ఆర్థర్ వార్న్ అనే ఆయన అమెరికాలో 1948లో లాకింగ్ హబ్‌ల కంపెనీ పెట్టాడు. ఆ హబ్‌లు దిగి చేత్తో తిప్పేవి. కూర్చున్నచోటి నుంచే పని జరగాలని తర్వాత ఆటోమేటిక్‌లు వచ్చాయి.

ఆటోమేటిక్‌లో షాఫ్ట్ తిరగబోగానే లోపల కామ్ అనే ఏటవాలు అంచున్న ముక్క జరిగి, పళ్ళున్న రింగును చక్రం వైపు నెడుతుంది. పళ్ళూ పళ్ళూ కలుస్తాయి. విడిపోవాలంటే టూవీల్‌లోకి మార్చి, బండిని తిన్నగా 2, 3 మీటర్లు వెనక్కి నడపాలి. ఇదంతా చిన్న స్ప్రింగులు, సన్నటి కామ్ మీద ఆధారపడిన పని. కొన్నింటిలో ప్లాస్టిక్ ముక్కలు కూడా ఉంటాయి. స్ప్రింగు నీరసించినా, కామ్ అరిగినా, గ్రీజు గట్టిపడినా రింగు సగం దూరమే వెళ్తుంది. అప్పుడు పళ్ళ కొసలు మాత్రమే పట్టి జారుతుంటాయి. నువ్వు వింటున్న కరకర అదే కావచ్చు.

ఇక్కడొక సంగతి చాలామందికి తెలియదు. ఒక్క హబ్ పట్టకపోయినా ముందు రెండు చక్రాలూ పోయినట్టే. డిఫరెన్షియల్ ఎప్పుడూ తేలిగ్గా తిరిగే వైపే తిప్పుతుంది. ఎడమ హబ్ పట్టకపోతే ఆ పక్క షాఫ్ట్ ఖాళీగా గిరగిరా తిరుగుతుంది, కుడి చక్రానికి బలమే అందదు. ఒకసారి తడిసిన మట్టి వాలు ఎక్కుతూ నేను ఇలాగే ఇరుక్కున్నాను. రెండు హబ్‌లూ పోయాయనుకుని చీకట్లో రెండూ విప్పాను. కుడిది నిక్షేపంగా ఉంది. అయినా రెండూ మార్చేశాను, నువ్వూ అదే చెయ్యి. రెండూ ఒకే దూరం తిరిగాయి. ఇవాళ ఎడమది అరిగితే కుడిది దాని వెనకే ఉంటుంది.

విప్పే ముందు తప్పు హబ్‌దేనని తేల్చుకో. వదులు మట్టి ఉన్న సమతల నేల మీద ఫోర్‌వీల్ వేసి తిన్నగా ముందుకు కొంచెం నడిపి ఆపు. వెనక్కి మాత్రం కదపకు. లివర్ ఫోర్‌వీల్‌లోనే ఉంచి, గేరు వేసి, ఇంజను ఆపు. వెనక చక్రాలకి అడ్డాలు పెట్టి, ముందు రెండు చక్రాలూ లేచేలా స్టాండ్ల మీద పెట్టు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని తిప్పి చూడు. అది చేతికి సులువుగా తిరిగిపోతుంటే రోగం ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు ఉంది, హబ్‌లు మార్చినా ఒరిగేదేమీ లేదు. అది బిగిసి ఉంటే ఎడమ చక్రం తిప్పు. కుడి చక్రం ఎదురు దిశలో తిరిగితే రెండు హబ్‌లూ పట్టినట్టే. తిరగకపోతే ఏదో ఒకటి పట్టలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే టకటకమంటే అది షాఫ్ట్ జాయింటు. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే మోత చక్రం బేరింగుది. కొన్ని బండ్లలో హబ్‌ని వాక్యూమ్ (గాలి పీల్చే బలం) లాగుతుంది. నీది ఆ రకమైతే ముందు సన్నటి రబ్బరు గొట్టాలు చిట్లాయేమో చూడు.

ఇక కొనడం. నా మాట చేత్తో తిప్పే మాన్యువల్ హబ్‌లే. హబ్ మీది డయల్ లాక్ దగ్గర ఉంటే పట్టినట్టు, ఫ్రీ దగ్గర ఉంటే విడిపోయినట్టు. చూసి చెప్పొచ్చు. లోపల సామాను తక్కువ, పాడయ్యేదీ తక్కువ. దిగుడులో ఇంజను బ్రేకు మీద వస్తున్నప్పుడు బలం తిరగబడుతుంది. కొన్ని ఆటోమేటిక్‌లు ఆ క్షణంలో పట్టు వదులుతాయి. ఇరుక్కున్న బండిని ముందుకీ వెనక్కీ ఊపి తీసేటప్పుడు కూడా అంతే. వదలడం, మళ్ళీ దెబ్బతో పట్టడం, ప్రతిసారీ పళ్ళకి ఒక గుద్దు. వానలో దిగి తిప్పాలే అంటావు. మట్టిరోడ్డు మొదలవక ముందే తిప్పుకో. హబ్‌లు లాక్‌లో ఉండగా టూవీల్‌లో తారురోడ్డు మీద నడిపినా నష్టం లేదు. బండి నడిపేవాళ్ళలో ఎవరికైనా వంగి చక్రం దగ్గర తిప్పడం కష్టమైతే మాత్రం మళ్ళీ ఆటోమేటిక్ వెయ్యి. దానికి నేను అడ్డు చెప్పను.

కొనేటప్పుడు మోడల్, సంవత్సరం చెప్పడంతో ఆగకు. షాఫ్ట్ చివర పొడుగునా చెక్కి ఉండే స్ప్లైన్ పళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళు. ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. కొన్ని బండ్లలో ఆటోమేటిక్ హబ్ కామ్, స్పిండిల్ (చక్రం బేరింగులు కూర్చునే ఇరుసు) నట్ల దగ్గరే కూర్చుంటుంది. బేరింగును పట్టి ఉంచే నట్లు కూడా దానికి తగ్గట్టే చేసి ఉంటాయి. అలాంటి చోట మాన్యువల్ వేస్తే నట్లు, లాక్ వాషర్ కూడా మార్చాలి. పాత నట్లతో సర్దేస్తే అవి నెమ్మదిగా వదులై చక్రమే ఊగడం మొదలవుతుంది. నీ బండికి ఆ నట్లూ వాషరూ ఉన్న కిట్ కావాలో లేదో తేల్చుకున్నాకే పానా పట్టు.

విప్పడం పెద్ద పని కాదు. లివర్ టూవీల్‌లోకి మార్చి, చక్రం విప్పు. పైమూత చిన్న స్క్రూలతోనో, అంచు చుట్టూ ఉన్న బోల్టులతోనో ఉంటుంది. కొన్నింటిలో చక్రం బోల్టుల మీది రేకు వాషర్లే హబ్‌ని పట్టి ఉంచుతాయి. మూత తీశాక లోపల తీగ రింగు ఉంటే స్క్రూడ్రైవర్ కొసతో లేపు, షాఫ్ట్ చివర గాడిలో కూర్చునే సర్‌క్లిప్ అనే తెగిన రింగుకి దాని ప్లయరే వాడు. కళ్ళజోడు పెట్టుకో, అవి ఎగిరి వస్తాయి. తీసిన ప్రతి ముక్కనీ తీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫొటో తియ్యి. సన్నటి వాషర్లు ఎన్ని, ఏ వైపు అన్నది కూడా ముఖ్యమే.

ఇంతదాకా వచ్చాక చక్రం బేరింగులు చూడకుండా మూసేయకు. చక్రం విప్పేశావు కాబట్టి బ్రేకు డిస్కును పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట (వదులు) ఉంటే నట్లు విప్పి బేరింగులు తియ్యి. దీనికి స్పిండిల్ సాకెట్ అని వేరే పనిముట్టు ఉంది. వయసులో ఉన్నప్పుడు నేను ఉలీ సుత్తీ పెట్టి కొట్టాను. మర చెడి స్పిండిల్ మొత్తం మార్చాల్సి వచ్చింది, దానికి ఇప్పటికీ బాధపడతాను. డిస్కును పట్టే బ్రేక్ కాలిపర్ తీస్తే తీగతో కట్టి వేలాడదియ్యి, బరువు బ్రేకు గొట్టం మీద పడనివ్వకు. బేరింగుల్ని కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రోలర్లు వెలుతురులో చూడు. గుంటలుంటే, నీలం రంగు తిరిగి ఉంటే మార్చెయ్యి. పాత గ్రీజు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు దూరాయని అర్థం. వేడెక్కిన హబ్ వాగునీళ్ళలోకి దిగగానే చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్క నుంచి నీటిని పీలుస్తుంది. ఆయిల్‌సీల్, రబ్బరు రింగు, గాస్కెట్ ఏవీ పాతవి వాడకు.

లోపలి నట్టు బిగించేటప్పుడు డిస్కును తిప్పుతూ బిగించు, బేరింగు కుదురుకుంటుంది. తర్వాత వదులు చేసి, మళ్ళీ తేలిగ్గా బిగించి, లాక్ నట్టు వెయ్యి. ఎంత బలం అన్నది బండిని బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో అంకె చూసి బిగింపు కొలిచే టార్క్ పానాతోనే చెయ్యి. చివరికి చక్రం సాఫీగా తిరగాలి, ఊపితే ఆట ఉండకూడదు.

గ్రీజు విషయంలో చాలామంది ప్రేమ కొద్దీ హబ్‌ని కుక్కేస్తారు. బేరింగులో దట్టించు, హబ్‌లో మాత్రం పలచటి పూత చాలు. దట్టమైన గ్రీజులో, అందులోనూ చలిలో, రింగు జరగదు. సర్‌క్లిప్ గాడిలో కూర్చోకపోతే కొట్టకు. చాలా షాఫ్ట్‌ల చివర మరతో చిల్లు ఉంటుంది. అందులో సరిపోయే బోల్టు తిప్పి షాఫ్ట్‌ని బయటికి లాగు, గాడి కనిపిస్తుంది. మూత స్క్రూలు చిన్నవి, మణికట్టు బలంతోనే బిగించు.

కింద పెట్టకముందే రెండు డయల్‌లూ ఫ్రీలో పెట్టి చూడు. చక్రం తిరగాలి, షాఫ్ట్ కదలకూడదు. లాక్‌లో చక్రంతో పాటు షాఫ్ట్ కూడా తిరగాలి. పళ్ళు ఎదురుపడితే డయల్ పూర్తిగా తిరగదు. ప్లయర్‌తో బలవంతం చేయకుండా చక్రాన్ని కొంచెం అటూ ఇటూ కదుపు. ఎప్పుడూ రెండు హబ్‌లూ ఒకేలా పెట్టు. హబ్‌లు ఫ్రీలో ఉండగా కదులుతున్న బండిలో ఫోర్‌వీల్ వేయకు. ముందు షాఫ్ట్ ఆగి ఉంటుంది కాబట్టి గేర్లు గీసుకుంటాయి, ఆపి వెయ్యి. ఆరిన తారు మీద ఫోర్‌వీల్ వద్దు. నెలకోసారి హబ్‌లు లాక్ చేసి వదులు నేల మీద ఫోర్‌వీల్‌లో 16 కిలోమీటర్లు నడుపు, డిఫరెన్షియల్ లోపల పైనున్న సామానుకి ఆయిల్ అందుతుంది.

పని మొదలుపెట్టిన రోజు ఎడమ హబ్ విప్పగానే లోపలి పళ్ళ ఫొటో నాకు పంపు. కొసలు గుండ్రంగా అరిగాయో, స్ప్రింగు విరిగిందో చూసి చెబుతాను. పంపాకే కుడి వైపుకి వెళ్ళు.

ఇట్లు,
మీ మావయ్య