80ల బ్రిటిష్ పాప్ చార్టులంటే ఆ తరం వాళ్ళకి ఎందుకంత పిచ్చి?

మీ ఆఫీసులో యాభై దాటిన ఇంగ్లీషు వాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే చాలు, 80ల పాటల గురించి ఏది ఎన్నో నంబర్ దాకా వెళ్ళింది, ఎన్ని వారాలు ఉంది అని లెక్కలు మొదలెడతారు, అసలు అందులో ఏముంది, వినాలంటే ఏవి వినాలి అని అడిగారు కదా. నేనూ ఆ బాపతే అండి. కాకపోతే తెనాలి నుంచి వచ్చిన బాపతు.

నాన్నగారికి బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్ఎస్‌లో ఉద్యోగం రావడంతో 1980లో అమ్మ, నేను, చెల్లి ఇంగ్లండ్‌లోని కావెంట్రీకి వచ్చి పడ్డాం, నాకు పదేళ్ళు. హాస్పిటల్ క్వార్టర్స్, సాయంత్రం నాలుగుకే చీకటి, స్కూల్లో నా పేరు ఒక్కడికీ నోరు తిరగదు. ఆ క్లాసులో కలిసిపోవాలంటే రెండే దార్లు, ఫుట్‌బాల్ లేదా చార్టులు, అంటే ఆ వారం ఎక్కువ అమ్ముడైన పాటల వరస. నాకు బంతి తన్నడం రాదు. ఇంకేముంది, చార్టులు బట్టీ పట్టడం మొదలెట్టా, ఎక్కాలు బట్టీ పట్టినోడికి టాప్ 40 ఒక లెక్కా.

మాకు వారం ఎలా ఉండేదంటే మంగళవారం ఫలితాలు, గురువారం దర్శనం, ఆదివారం ప్రసాదం. కొత్త చార్ట్ మంగళవారం మధ్యాహ్నం బీబీసీ రేడియో 1లో చెప్పేవాళ్ళు, లంచ్ టైంలో ఎవడో ఒకడు దొంగతనంగా ట్రాన్సిస్టర్ తెచ్చేవాడు, సైకిల్ షెడ్డు వెనక పదిమందిమి చెవులు ఆనించి వినేవాళ్ళం, అచ్చం ఎలక్షన్ కౌంటింగే. గురువారం రాత్రి బీబీసీలో టాప్ ఆఫ్ ది పాప్స్, అందులో ఆ పాడే మొహాలు కనపడేవి (చాలామంది ఊరికే పెదాలు కదిపేవాళ్ళే, మాకేం పట్టింది). ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా రేడియోలో మొత్తం చార్ట్ మళ్ళీ వేసేవాళ్ళు, అప్పుడు క్యాసెట్ పెట్టి రికార్డ్ చేసుకోవాలి. మా తర్వాత పెరిగినవాళ్ళు చార్ట్ అంటే ఆదివారమే అనుకుంటారు గానీ కొత్త చార్ట్ చెప్పడం ఆదివారానికి మారింది 1987 అక్టోబర్‌లో, అప్పటికి నేను ఇంటర్ వయసు దాటుతున్నా.

ఇంకోటి, ఆ లెక్క పూర్తిగా అమ్మకాల మీదే. షాపులో ఎన్ని రికార్డులు అమ్ముడైతే అంత. మొదట్లో కొన్ని ఎంపిక చేసిన షాపుల వాళ్ళు డైరీలో చేత్తో రాసి పంపేవాళ్ళు, 1983లో గ్యాలప్ అనే సర్వే కంపెనీ వాళ్ళు వచ్చాక మెషిన్లు వచ్చాయి. అంటే నేను దాచుకున్న చిల్లరతో ఒక సింగిల్ (ఒక్క పాట కోసం అమ్మే చిన్న రికార్డు) కొంటే ఓటు వేసినట్టే. అందుకే మా వాళ్ళకి ఇప్పటికీ ఆ నంబర్ల మీద అంత కసి. వియన్నా అని అల్ట్రావాక్స్ వాళ్ళ పాట ఉంది, 1981లో వరసగా నాలుగు వారాలు రెండో స్థానంలోనే ఆగిపోయింది. ఒక వారం జాన్ లెనన్ పాట అడ్డం, సరే ఆయన అప్పుడే పోయాడు పోనీ అనుకుందాం, మిగతా మూడు వారాలు జో డోల్చే అనే ఆయన ఇటాలియన్ యాసలో పాడిన జోక్ పాట అడ్డం! నలభై ఏళ్ళు దాటింది, మీ కొలీగ్స్ దగ్గర ఒక్కసారి ఈ మాట ఎత్తి చూడండి, టీ చల్లారిపోతుంది. అలాగే వామ్ వాళ్ళ లాస్ట్ క్రిస్మస్, 1984లో బ్యాండ్ ఎయిడ్ పాట వల్ల రెండులో ఆగిపోయి చివరికి నంబర్ వన్ అయ్యింది 2021 జనవరిలో. 36 ఏళ్ళు పట్టింది, అప్పటికి పాడిన జార్జ్ మైకేల్ లేడు.

పాటలన్నీ గొప్పవా అంటే నేను ఒప్పుకోను. సగం చెత్త. కానీ మా ఊరి పాట ఒకటుంది, దాని గురించి మాత్రం కొంచెం చెప్పాలి. ది స్పెషల్స్ కావెంట్రీ వాళ్ళు, నల్లవాళ్ళు తెల్లవాళ్ళు కలిసి ఉన్న బ్యాండ్. మేం వచ్చిన ఏడాదే ఊళ్ళోని క్యాన్లీలో ట్రయంఫ్ కార్ల అసెంబ్లీ ఆపేశారు, ఊళ్ళో ఎటు చూసినా ఉద్యోగాలు పోయినవాళ్ళే, ఆ కోపం మనలాంటి రంగు వాళ్ళ మీద పడేది. 1981 ఏప్రిల్‌లో టౌన్ మధ్యలో ఒక సిక్కు స్టూడెంట్‌ని పొడిచి చంపేశారు. ఆ తర్వాత నాన్నగారు నన్ను ఒంటరిగా బస్సెక్కనిచ్చేవారు కాదు, అమ్మ కోటు పైదాకా గుండీలు పెట్టుకుని చీర కుచ్చిళ్ళు కనపడకుండా షాపుకి వెళ్ళేది. జూన్ 20న, వలసవాళ్ళంటే పడని నేషనల్ ఫ్రంట్ పార్టీ ఊళ్ళో మార్చ్ అని ప్రకటించిన రోజే, స్పెషల్స్ వాళ్ళు జాతుల ఐక్యత కోసమని కచేరీ పెట్టారు. నన్ను పంపలేదు లెండి, పదకొండేళ్ళ వాణ్ణి ఎవరు పంపుతారు. జూలైలో వాళ్ళ ఘోస్ట్ టౌన్ నంబర్ వన్ అయ్యింది, సరిగ్గా అదే వారాల్లో దేశమంతా అల్లర్లు. ఊళ్ళు దెయ్యాల కొంపల్లా అయిపోయాయి, క్లబ్బులన్నీ మూసేశారు అని పాట, వెనక ట్రాంబోన్ ఏడుస్తున్నట్టు ఉంటుంది. మా క్లాసులో నన్ను అడ్డమైన పేర్లతో పిలిచే కుర్రాడు కూడా అదే పాట పాడుకుంటూ తిరిగేవాడు, ఆ మూడు వారాలు మాత్రం మేమిద్దరం ఒకే ఊరి వాళ్ళం. ఆ నంబర్ వన్ పాట పాడటానికి టాప్ ఆఫ్ ది పాప్స్‌కి వెళ్ళిన రోజే బ్యాండ్ చీలిపోయిందట, ముగ్గురు బయటికొచ్చేసి ఫన్ బాయ్ త్రీ పెట్టుకున్నారు.

తర్వాతి ఏడాది వసంతంలో ఒక గురువారం. అమ్మ వంటింట్లో దోసెల పిండి రుబ్బుతోంది (మిక్సీలో, ఆ సౌండుకి నేను టీవీ పెంచుతుంటే ఇద్దరికీ రోజూ గొడవే), టీవీలో సితార్ మోగింది. నేను అరిచా, "అమ్మా, మన అమ్మాయి!" అని. షీలా చంద్ర, మాన్సూన్ అనే బ్యాండ్, పాట ఎవర్ సో లోన్లీ. పదిహేడేళ్ళ పిల్ల, మన బట్టలు, బొట్టు, బీబీసీలో. అమ్మ పిండి చేతులతోనే వచ్చి సోఫా చేతి మీద కూర్చుని పాట అయ్యేదాకా కదల్లేదు. పొగుడుతుంది అనుకున్నా, "బాగా పాడింది, కాస్త నవ్వచ్చుగా" అని లేచి వెళ్ళిపోయింది. ఆ పాట 12 దాకా వెళ్ళింది. ఇప్పుడు వింటే మామూలు పాటే అనిపించచ్చు మీకు. శుక్రవారం స్కూలుకి నేను తలెత్తుకుని వెళ్ళా, అది చాలు నాకు. (క్వీన్ బ్యాండ్ పాటగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మన పంచగనిలో చదువుకున్నాడని అప్పట్లో మాకెవరికీ తెలీదు, తెలిసుంటే ఇంకా పొగరు పెరిగేది.)

1984 జనవరిలో రిలాక్స్ పాటని బీబీసీ వాళ్ళు నిషేధించారు, దాంతో అది నంబర్ వన్‌కి ఎక్కి అయిదు వారాలు కూర్చుంది, నంబర్ వన్ పాటని చూపించకుండా టాప్ ఆఫ్ ది పాప్స్ ఎలా నడిపారో చూడాల్సిందే. "నాన్నగారూ ఆ పాటలో ఏముంది?" అని భోజనాల దగ్గర అడిగా. "ఏం లేదు, పెరుగు వేసుకో" అన్నారు.

మీరు వినాలనుకుంటే ఘోస్ట్ టౌన్, వియన్నా, న్యూ ఆర్డర్ వాళ్ళ బ్లూ మండే, పెట్ షాప్ బాయ్స్ వాళ్ళ వెస్ట్ ఎండ్ గర్ల్స్, ఇవి చాలు ముందు. 1987 తర్వాత నాకు అన్నీ ఒకే ఫ్యాక్టరీలో చేసినట్టు అనిపించేవి, దాని మీద కామెంట్లలో కొట్టుకుందాం.

అసలు ఈ జవాబు రాద్దామని కూర్చున్నది ఒక క్యాసెట్ గురించి. అమ్మమ్మకి రాయడం రాదు. అందుకని మావయ్య ఆవిడ మాటలు క్యాసెట్‌లో రికార్డ్ చేసి ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేత పంపేవాడు, అమ్మ దాన్ని ఉత్తరంలా నెలల తరబడి వినేది. 1984 ఆగస్టు, జార్జ్ మైకేల్ కేర్‌లెస్ విస్పర్ నంబర్ వన్, నా దగ్గర ఖాళీ టేపు లేదు, ఆదివారం షాపులు మూత. అమ్మమ్మ క్యాసెట్ వెనక వైపు ఏమీ ఉండదులే అనుకున్నా. రికార్డ్ అవకుండా ఉండాలని మావయ్య పైన ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేసి పంపాడు, ఎందుకు విరిచాడో ఆలోచించొచ్చు కదా, నేను సెల్లోటేప్ అంటించి కానిచ్చేశా.

సోమవారం రాత్రి అమ్మ బట్టలు మడతపెడుతూ ప్లే నొక్కింది. అమ్మమ్మ గొంతు బదులు అగడూ వచ్చింది. వినే ఉంటారు, పైనాపిల్ తోస్తూ చెట్టు ఊపుతూ డాన్స్ చేసే పిచ్చి పాట, అదీ రెండో నంబర్ దాకా వెళ్ళింది మరి. అమ్మ ఆపేస్తుంది అనుకున్నా, ఆపలేదు. ఎక్కడో అమ్మమ్మ మిగిలి ఉంటుందేమోనని అన్ని పాటలూ వింటూ కూర్చుంది. ఆఖర్న కేర్‌లెస్ విస్పర్ వచ్చింది, ఆ శాక్సోఫోన్ అంతా అయింది, టక్ మని నేను ఆపిన చప్పుడు, ఆ వెంటనే అమ్మమ్మ. "...కందిపొడి డబ్బా మూత గట్టిగా పెట్టుకోండి, చెమ్మ తగిలితే పాడైపోద్ది, పిల్లాడికి నెయ్యి ఎక్కువెయ్యి." రెండు నిమిషాలు కూడా లేదు. నన్ను ఒక్క మాట అన్లేదు. ఆ తర్వాత ఏడాదికి అమ్మమ్మ పోయింది, ఇంకో క్యాసెట్ రాలేదు.

ఆ రెండు నిమిషాలు వినాలంటే టేపుని సరిగ్గా అక్కడికి తిప్పడం కుదిరేది కాదు, కొంచెం ముందు నుంచి పెట్టాల్సిందే, కాబట్టి శాక్సోఫోన్ ఎప్పుడూ వచ్చేది. అమ్మకి ఇప్పుడు 79. మొన్న టెస్కోలో బియ్యం దగ్గర నిలబడి ఉంటే పైన స్పీకర్లో ఆ పాటే మొదలైంది. ట్రాలీ ఆపి, "ఉండరా, మీ అమ్మమ్మ పాట వస్తోంది" అంది.