చెక్కలు చేతికిచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి కడప నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

అనంతపురంలో మందు మాన్పించే కేంద్రంలో సాయంత్రాలు పాట పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం నాయనా. అలాంటివాళ్ల మధ్య ఏళ్లతరబడి చెక్కభజన చేయించినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

నీ దగ్గర కూర్చునేవాళ్లలో చాలామందికి తాగుడొక్కటే కాదు, దిగులో, అనుమానమో, చెవిలో గొంతులు వినపడడమో కూడా ఉంటుంది. రెండిటికీ వైద్యం ఒకేసారి నడవాలి. మన పాట ఆ మాత్రలకు తోడే గానీ బదులు కాదు. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒళ్లంతా చెమటలు పట్టి, లేనివి కనపడుతున్నాయంటే పాట ఆపి డాక్టర్ని పిలువు.

పాటలు నువ్వే ఎంచుకుని పోవద్దు. ఏ పాట వింటే తాగాలనిపిస్తుందో మొదటిరోజే అడుగు. ఒకాయనకు పీర్ల పండగ దరువు వినపడితే చాలు, నోరు తడారిపోయి, డబ్బుల కోసం చెయ్యి జేబులోకి పోయేది. ఊరంతా ఇష్టపడే దరువే, ఆయన్ని మాత్రం సీసా దగ్గరికి లాక్కెళ్లేది. అలాంటివి కొన్నాళ్లు పక్కన పెట్టు.

దిగులుగా ఉన్నవాడి ముందు హుషారు పాట ఎత్తుకోకు. వాడి మనసుకు సరిపోయే నిదానమైన పాటతో మొదలుపెట్టి, చరణానికింత నడక పెంచు. 1948లో ఆల్ట్‌షులర్ అనే అమెరికా మానసిక వైద్యుడు రాసిన పద్ధతి ఇదే. నిద్రలేకుండా ఊగిపోయేవాడికి మాత్రం వేగం తగ్గించుకుంటూ రావాలి. గొంతులు వినపడేవాడు మధ్యలో లేచిపోతే పోనీ, బలవంతపెట్టొద్దు.

చేతులు వణికేవాడికి వెంటనే చెక్కలివ్వకు. ఆ వణుకు చెక్కలకున్న గజ్జెల్లో గలగలా నలుగురికీ వినపడి సిగ్గుతో చితికిపోతాడు. ముందు తొడ మీద తాళం వేయమను. చెయ్యి కుదురుకున్నాక చెక్కలు తనే అడుగుతాడు.

సంగీత చికిత్స తోడైతే మత్తు కోరిక తగ్గొచ్చని వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2022 సమీక్ష చెప్పింది. అది శిక్షణ పొందినవాళ్ల పని, మనది భజన. అందుకే ఎవరు ఏ పాటకు ఏడ్చారో, ఎవరు మూగబోయారో ఆ రాత్రే కౌన్సిలర్‌కు చెప్పు. ఇంటివాళ్లకు మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416 రాసివ్వు, రాత్రయినా పలుకుతారు.