వేళ్ల సందులు ఎవరు తుడిచారు?

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రావులపాలెం నుంచి బస్సులో వస్తూ ఒకసారి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఇంకోసారి చదివాను. పక్షవాతంతో మంచాన పడ్డ మావగారు, చాకిరీ చేసే కోడలు, హైదరాబాదు నుంచి దిగి లెక్చరు దంచే చిన్నకొడుకు. మనుషులు బాగున్నారు. ఆ లెక్చరే పంటికింద రాయిలా తగిలింది. "బలహీనుల్ని ప్రకృతి ఏరేస్తుంది, మనం మందులేసి అడ్డం పడుతున్నాం, డార్వినే చెప్పాడు" అంటాడు. కోడలు ఏడుస్తుంది. కథ అయిపోతుంది.

పాత్ర తప్పు మాట్లాడొచ్చు. ఎక్కడ తప్పిందో రాసేవాళ్లకి తెలిసుండాలి.

"యోగ్యతముల సార్థక జీవనం" అని, అంటే తగినవే బతుకుతాయని, బళ్లో నోరు తిరక్కుండానే బట్టీపట్టాం కదా, ఆ మాట పుట్టించింది డార్విన్ కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త అన్నాడు. డార్విన్ 1869లో జీవజాతుల పుట్టుక మీద తను రాసిన పుస్తకం ఐదో కూర్పులో దాన్ని అరువు తెచ్చుకున్నాడు. యోగ్యత అంటే కండబలం కాదు, ఉన్నచోటికి సరిపోవడం. మన గోదావరి ఎగువన ఏజెన్సీలో సికిల్ సెల్ అని వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు ఉంది చూడు. ఆ జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు కాపు. మలేరియా లేని ఊళ్లో ఆ కాపుతో పనే లేదు. ఎవరు బలహీనులో తేల్చడానికి ఆ చిన్నకొడుకెవరు?

మరి డార్విన్ ఆ మాట అననేలేదా అంటే, అన్నాడు. మనిషి పుట్టుక మీద 1871లో రాసిన పుస్తకంలో ఉంది. మనం రోగులకు ఆశ్రయాలు కడతాం, టీకాలేసి వేలమందిని బతికిస్తాం, దీనివల్ల జాతికి చెరుపే అని. చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. వెనువెంటనే ఏమన్నాడంటే, సాటివాడి మీద జాలి కూడా మనకి పరిణామంలో అబ్బిన గుణమే, దాన్ని అణుచుకుంటే మనలో మేలైన భాగమే చెడిపోతుంది అని. ఆ మొదటి సగం తర్కంతోనే 1933లో జర్మనీలో రోగులకి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేసే చట్టం దాకా వెళ్లారు.

అన్నట్టు, 1851లో పదేళ్ల కూతురు ఆనీ జబ్బుపడితే డార్విన్ వేరే ఊళ్లో ఆ పిల్ల మంచం పక్కనే ఉన్నాడు. ఇంటి దగ్గర నెలలు నిండి ఉన్న భార్యకి పిల్ల ఏం తాగిందో, ఎన్ని వాంతులయ్యాయో ఉత్తరాలు రాశాడు. పిల్ల దక్కలేదు.

ఇక నా సంగతి. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది మా మేనత్త. ఆవిడకి బోదకాలు. పిల్లల్లేరు. మొదటి కథలో ఆ కాలుని "సమాజపు బరువంతా మోస్తూ ఉబ్బిన కాలు" అని వర్ణించి, అచ్చయిన రోజు గొప్పగా చదివి వినిపించాను. అంతా విని, "బానే ఉందిరా, మరి వేళ్ల సందులు ఎవరు తుడిచారో రాయలేదేం?" అంది.

ఆ రాత్రి మొదటిసారి సరిగ్గా చూశాను. పీట మీద కాలు, సత్తు బేసిన్లో నీళ్లు, సబ్బు. నురగని చర్మం మడతల్లోకి చూపుడువేలితో మెల్లగా తోసేది. గట్టిగా రుద్దితే చర్మం చిట్లుతుంది, చిట్లితే మళ్లీ చలిజ్వరం. తర్వాత పాత చీర పీలికని ఒక్కో వేలి సందులోంచి లాగి తడి లేకుండా ఆర్చడం. చిటికెన వేలి పక్క సందు ఆవిడకి అందదు, అంత వంగలేదు. అన్నేళ్లూ దాన్ని పక్కింటి పెద్దమ్మ వచ్చి తుడిచి వెళ్లేదట. నాకు తెలీదు. అదే ఇంట్లో ఉన్నాను.

బోదకాలు తెచ్చే ఫైలేరియాకి ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర ఉందే, అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిందే. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఆయన అన్నదమ్ములు పోయారు, ఆయనకీ వచ్చింది, వైద్యం చేస్తే బతికారు. మీ చిన్నకొడుకు లెక్కలో ఆయన ఏరిపారేయాల్సిన మనిషే! ఆ మాత్ర ఒంట్లో పురుగుని చంపుతుంది గానీ, ముదిరిన వాపుని తియ్యలేదు. అత్తకి చివరిదాకా సబ్బూ నీళ్లూ పీలికే.

నీ మూడో పేజీలో "కోడలు ఎంతో సేవ చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అలాంటి వాక్యాలు శిలాఫలకాల మీద ఉంటాయి. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం కింద పుళ్లు పడతాయి. తల ఎత్తిపట్టకుండా జావ పోస్తే పొలమారుతుంది. రాత్రి రెండింటికి ఫోన్లో అలారం ఎవరు పెట్టుకున్నారు? మోగకముందే ఎవరికి మెలకువ వస్తోంది?

లెక్చరు తీసెయ్యకు, ఉండనీ. అది అయ్యాక కోడల్ని ఏడిపించకుండా, చిన్నకొడుకు చేత ఒక్కసారి తండ్రిని పక్కకి తిప్పించు. వీపు కింద చెయ్యి పెట్టినప్పుడు అతనికి ఏం తగిలిందో రాసి పంపు.

మాస్టారు